బంగినపల్లా, బేనీషానా?

మా నూజివీడు వైపు బంగినపల్లి అనే మామిడినే హైదరాబాదులో బేనీషాన్ అంటారు, ఢిల్లీలో సఫేదా అంటారు. తినేవాడికి ఏ పేచీ లేదు. లెక్క తీయాలంటే మాత్రం ఈ మూడూ ఒకటేనని కంప్యూటరుకి ఎవరో చెప్పాలి కదా!

వైద్యంలోనూ ఇదే తంటా. మా అమ్మమ్మ కంటి చీటీల్లో ఒకదాంట్లో 6/12, ఇంకోదాంట్లో 20/40. చూపు పోతోందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయాం. తీరా చూస్తే రెండూ ఒకటే, మొదటిది మీటర్లలో, రెండోది అడుగుల్లో! మనుషులం కాబట్టి అడిగి తెలుసుకున్నాం. లక్షల చీటీలు కలిపి పరిశోధన చేసేవాళ్ళు ఎవర్ని అడుగుతారు?

దీనికి దారి చూపినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. డా. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996-2000 మధ్య రాష్ట్రంలో 10,293 మందిని ఒకే పద్ధతిలో పరీక్షించింది. అది ఒక సర్వే, అయిపోయింది. 2010లో సొంతంగా తయారుచేసుకున్న 'ఐస్మార్ట్' సాఫ్ట్‌వేర్ వచ్చాక రోజువారీ ఓపీయే సర్వే అయింది. పల్లె కేంద్రమైనా, హైదరాబాదైనా ఒకటే ఫారం. 2018 ఆగస్టు నాటికి సుమారు 22.7 లక్షల మంది రోగులు, 47 లక్షల పైచిలుకు సంప్రదింపులు!

కేంద్రం 2013లో ప్రమాణాలు ప్రకటించి, 2016లో సవరించింది. కానీ ప్రమాణం జీవోలో ఉంటే చాలదు, డాక్టరు నొక్కే బటన్లో ఉండాలి. ఆ బటన్ పెట్టేది మనమే. ఇకమీదట 'రిమార్క్స్' అని ఖాళీ డబ్బా పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి మరి.