బాగుచేయుటయా? కొత్తది కొనుటయా?
(కర్నూలు–కడప కాలువ చరిత్ర చెప్పే పాఠం)

పాత కారును బాగుచేయించుటయా, అప్పుచేసి వేరొకటి కొనుటయా? కారు గల ప్రతి ఇంటిలోను ఏదో ఒకనాడు ఈ ప్రశ్న తలయెత్తుతుంది. ఊరుమ్మడి సొత్తు విషయంలోనూ అంతే. ఒంటిమిట్ట కోదండరామాలయం జీర్ణించి ఉన్న కాలంలో వావిలకొలను సుబ్బారావుగారు (1863–1936) టెంకాయచిప్ప చేతపట్టి భిక్షమెత్తి, ఆ ధనంతో దానిని ఉద్ధరించినారు. భిక్షకు వడ్డీ లేదు, అప్పుకు కలదు. ఈ భేదం ఎంతటిదో తెలియవలెనంటే అదే సీమలోని కర్నూలు–కడప కాలువ కథ చూడవలెను.

19వ శతాబ్ది మధ్యలో, సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, మద్రాసు నీటిపారుదల కంపెనీ ఏర్పడినది. దాని 10 లక్షల పౌన్ల మూలధనంపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చినది. అనగా కాలువలో నీరు పారినా పారకున్నా ఏటా 50,000 పౌన్లు వాటాదారులకు ముట్టవలసినదే. నష్టభయం లేనివానికి పొదుపుపై దృష్టి తక్కువ. 1863లో మొదలైన పని 1870 ప్రాంతానికి ముగిసినది. ఈలోగా అనుకొన్న ధనం చాలక ప్రభుత్వం మరల అప్పు ఇవ్వవలసి వచ్చినది. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట నుండి కడప వరకు సుమారు 190 మైళ్ల కాలువ సిద్ధమైనది.

కాని నల్లరేగడిలో వానపై జొన్న, పత్తి పండించే రైతు, వాన బాగా కురిసిన ఏట నీటితీరువ కట్టుటకు ముందుకు రాలేదు. 1876–78 కరవులో మాత్రమే కాలువ విలువ అందరికీ తెలిసినది. రాబడి వడ్డీకి సరిపోలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసినది.

శతాబ్దం గడిచేసరికి కాలువకు ముసలితనం వచ్చినది. మట్టిగట్లు జారినవి, ఇంకుడు వల్ల చివరి పొలాలకు నీరందడం కష్టమైనది. ఇప్పుడేమి చేయవలెను? ఇట్టిచోట వెనుక పెట్టిన ఖర్చును లెక్కలోకి తీసుకొనరాదు. అది తిరిగి రాదు. ఇకముందు పెట్టే ఖర్చెంత, దానివల్ల కలిగే ఫలమెంత అన్నదే చూడవలెను.

కాలువకు ఆ లెక్క ఇట్లున్నది. బాగుచేస్తే 8 టి.ఎం.సి.ల నీరు మిగులునని అంచనా వేసి, దానిని శ్రీశైలం కుడిగట్టు కాలువకు కేటాయించినారు. ఒక టి.ఎం.సి. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. ఎకరం నేలపై ఒక అడుగు లోతున నీరు నిలుపుటకు 43,560 ఘనపుటడుగులు కావలెను. కాబట్టి 8 టి.ఎం.సి.లు 1,80,000 ఎకరాలకు పైగా అడుగు లోతున నిలుపగల నీరు! కొత్త ఆనకట్ట కట్టకుండ, పాత కాలువలో ఇంకిపోయే నీటిని ఆపుటచేతనే ఇంత లాభం. అందుచేత 1996లో జపాను నుండి సుమారు 1,600 కోట్ల యెన్ల అప్పు తెచ్చి కాలువను ఆధునికీకరించుటకు పూనుకొన్నారు.

సుంకేసుల ఆనకట్ట సంగతి వేరు. దానిని అతుకులతో నెట్టుకొని రాలేదు. దానికి బదులు తలుపులు గల కొత్త బరాజు నిర్మించినారు. ఒకే యంత్రాంగంలో ఒక భాగానికి మరమ్మతు తగినది, మరొక భాగానికి మార్పు తగినది.

అప్పు మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. 1860 నాటి అప్పులో ఫలం రాకముందే వడ్డీ నిశ్చయమైనది. 1996 నాటి అప్పులో మిగిలే నీటిని ముందుగా లెక్కించినారు. కారైనా కాలువయైనా, తూచవలసినది ఈ లెక్కనే.