ఒక్క తూటా తుపాకీ

సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాల మోత రాత్రి కూడా ఆగదు. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలి కుటుంబాలు అక్కడ సందుసందునా కనిపిస్తాయి. అలాంటి ఓ ఇంట్లో, నాకు మేనమామ వరసయ్యే పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "అల్లుడా, ఊర్ల మక్కచేనంత పందులు తొక్కి పెట్టినయట. తమ్ముడు తుపాకి కొంటనంటున్నడు. ఒంటి గొట్టంది, నడుమ విరిచి తూటా పెట్టేది. గురి నేర్చుకునేటందుకు గూడ అదే అక్కరకొస్తదా?"

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున్నే తాపీ నది ఒడ్డున ఉన్న పాత కోటకు వెళ్లినప్పుడు కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పోర్చుగీసువాళ్ల దాడుల నుంచి ఊరిని కాచుకోవడానికి 1540ల్లో గుజరాత్ సుల్తానుల సర్దారు ఖుదావంద్ ఖాన్ కట్టించిన కోట అది. నెలన్నర ముట్టడి తరవాత 1573 ఫిబ్రవరి 26న అక్బర్ వశమైంది. లోపల తుర్కులు వదిలివెళ్లిన సులేమానీ ఫిరంగులు చూసి ముచ్చటపడి, వాటిని ఆగ్రాకు తరలించమన్నాడట. తుపాకులంటే ఆ చక్రవర్తికి అంత పిచ్చి. తనకిష్టమైన తుపాకీకి 'సంగ్రామ్' అని పేరు పెట్టుకున్నాడు. 1568లో చిత్తోడ్ కోట గోడ మీదున్న సేనాని జైమల్‌ను కొట్టింది దానితోనే. దాంతో 1,019 జంతువులను వేటాడినట్టు ఐన్-ఇ-అక్బరీలో లెక్క ఉంది.

అదీ ఒక్కసారికి ఒక్క గుండే పేలే తుపాకీ. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు జార్చి, కడ్డీతో దట్టించి, వత్తి నిప్పు ఊదుకుని, అప్పుడు గురిపెట్టాలి. తప్పితే మళ్లీ మొదటి నుంచీ అదే తంతు. గాయపడ్డ పంది అంతసేపు ఆగుతుందా?

నడుమ విరిచే తుపాకీ పుట్టింది ఈ ఇబ్బంది తీర్చడానికే. 1830ల్లో పారిస్‌లో కాసిమిర్ లెఫోషో తుపాకీని కీలు మీద వంగేలా చేశాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలో దాన్ని చూశాక ఇంగ్లిష్ పనివాళ్లూ ఆ దారి పట్టారు. ఇప్పటి ఒంటి గొట్టం తుపాకీని చేతిలోకి తీసుకుంటే ఆ తెలివి ఇట్టే అర్థమవుతుంది. పైనున్న మీటను బొటనవేలితో పక్కకు తోస్తే గొట్టం తన బరువుకు తానే తల వాలుస్తుంది. వెనక వైపు నుంచి చూస్తే గొట్టం ఆ చివరిదాకా అద్దంలా మెరుస్తూ, అవతల గుండ్రటి వెలుతురు కనిపిస్తుంది. తూటా పెట్టి మూస్తే 'టక్'మని ఒకే చప్పుడు. కాల్చాక మళ్లీ వంచితే, వేడిగా ఉన్న తూటా గొట్టం ఇత్తడి అంచు వేలికి అందేంత బయటికొస్తుంది. విరిచి ఉన్నంతసేపూ అది పేలదు. భుజాన వేసుకుని గట్టు దాటేవాడికి అంతకంటే ధీమా ఏముంటుంది?

మామ అడిగిన రెండు పనుల తుపాకీ కూడా ఒకప్పుడు ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో రూక్ రైఫిళ్లని చేసేవారు. రూక్ అంటే పొలాల మీద వాలే ఓ జాతి కాకి. చిన్న తూటా, తక్కువ చప్పుడు, చాలావాటికి నడుమ విరిచే ఒంటి గొట్టం. పగలు కాకుల్ని, కుందేళ్లని కొట్టేవారు, సాయంత్రం పెరట్లో అట్ట మీద గురి చూసుకునేవారు. 1887లో వచ్చిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా చవకగా దొరకడంతో ఆ రైఫిళ్లు మెల్లగా మూలపడ్డాయి.

మన రైతుకు మాత్రం ఏ తుపాకీ మేలో తేల్చుకునే అవకాశమే లేకుండా పోయింది. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకీ ముట్టకూడదు. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. ఈ అవమానాన్ని గాంధీజీ మరిచిపోలేదు. 1930 జనవరి 30న యంగ్ ఇండియాలో ఆయన ప్రకటించిన పదకొండు కోర్కెల్లో ఉప్పు పన్ను రద్దు, భూమిశిస్తు సగానికి తగ్గింపులతో పాటు ప్రజల అదుపులో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులివ్వాలన్నదీ ఉంది. ఆ కోర్కెలకు జవాబు రాకపోవడంతోనే దండి నడక మొదలైంది. ఏప్రిల్ 1న సత్యాగ్రహులు ఈ సూరత్‌కే చేరారు. దండి అప్పట్లో సూరత్ జిల్లాలోదే. ఉప్పు అందరికీ గుర్తుంది, తుపాకీ లైసెన్సు ఎవరికీ గుర్తులేదు.

దేశంలో గురి విద్యకు సంస్థ కట్టింది కూడా గాంధీజీ అనుచరుడే. అహ్మదాబాద్ లాయరు, తరవాత లోక్‌సభ తొలి స్పీకర్ అయిన జి.వి. మావలంకర్ 1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు పునాది వేశారు. ఆయన పేరున పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి.

1959 ఆయుధాల చట్టం పదమూడో సెక్షన్లో మామ ప్రశ్నకు సూటి జవాబుంది. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకీ, అంటే మన ఊళ్లలో భర్మార్ అనేది. అది చాలదని అధికారి నమ్మితే ఇరవై అంగుళాలకు తగ్గని నున్నని గొట్టం తుపాకీ. గురి సాధనకైతే రైఫిల్ క్లబ్బు సభ్యుడికి పాయింట్ 22 రైఫిలో, ఎయిర్ రైఫిలో అని 2019 సవరణ దాకా ఉండేది. చేనుకొకటి, అట్టకొకటి.

ఆ విభజన సబబేనని నాకూ అనిపిస్తుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుండేది రైఫిల్. గాడుల్లో తిరుగుతూ వెళ్లే తూటా అట్ట మీద వెంట్రుకవాసి తప్పదు. కానీ ఆ చిన్న పాయింట్ 22 తూటా కూడా దేనికీ తగలకపోతే కిలోమీటరు దాటి పోగలదు. చేను అవతల ఊరుంటుంది, బాటుంటుంది, ఎవరో గొడ్లు తోలుకొస్తుంటారు. నున్నని గొట్టంలోంచి వచ్చే చర్రాల జోరు అంత దూరం ఉండదు. పందిని దగ్గరికి రానివ్వాలి, ఒక్క తూటాతోనే పని కావాలి. అందుకే చేనుకైతే ఒంటి గొట్టం, నడుమ విరిచే పన్నెండు బోరు చాలంటాను.

లైసెన్సు చేతికొస్తే పందిని కొట్టొచ్చనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాసివ్వాలి. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో హైదరాబాదీ షూటర్ నవాబ్ షఫత్ అలీ ఖాన్ బృందం రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చింది ప్రభుత్వ అనుమతితోనే. అయినా దాని మీద కేంద్ర మంత్రులిద్దరు బహిరంగంగా మాటలనుకున్నారు. ఒకవైపు మూగజీవం, ఇంకోవైపు ఏడాది కష్టం. చేను పోయినవాడి ముఖం చూశాక నాకు ఆ రెండో వైపే బరువుగా తోస్తుంది.

ఆ రాత్రి ఇదంతా చెబితే మామ శ్రద్ధగా విన్నాడు. "మా నాయిన మంచె మీద ఒడిసెల తిప్పుతుంటే గాలి కోసినట్టు ఇనబడేది" అన్నాడు. తరవాత ఫోన్ తీసి తమ్ముడికి కలిపాడు. మగ్గాల మోతకు గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. "తమ్మీ, తుపాకి సంగతి తర్వాత. రేపు పొద్దుగాల చేను ఫొటోలు దీసి, పాసుబుక్కు పట్టుకొని ఫారెస్టు ఆఫీసుకు పో."