కోవిల్పట్టి–విరుదునగర సీమయందు విద్యుచ్ఛక్తి: తీగ చివరనుండి తీగ మొదటికి

తమిళనాటి దక్షిణభాగమున విరుదునగరము, సాత్తూరు, కోవిల్పట్టి, కయత్తారు వరుసగా నున్న సీమ నల్లరేగడి నేల. తమిళులు దీనిని కరిసల్ భూమి యందురు. పశ్చిమ కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనపు వర్షము ఇచ్చటికి స్వల్పముగనే చేరును. గాలి మాత్రము సెంగోట్టై కనుమ సందుగుండ ప్రబలముగ వీచును. విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను అనేక తెలుగు కుటుంబములు ఈ సీమకు వచ్చి, ప్రత్తియు, జొన్నయు, సజ్జయు పండించుచు స్థిరపడినవి. నేటికిని పెక్కు గ్రామములందు వారి ఇంటిభాష తెలుగే. విద్యుచ్ఛక్తి ఈ సీమకు వచ్చిన తీరును, నేడు ఈ సీమ దానిని ఇచ్చుచున్న తీరును కలిపి పరిశీలించినచో, ఒక ప్రాంతపు చరిత్రలోని పెద్ద మార్పు తెలియవచ్చును.

కోవిల్పట్టిలో లాయల్ మిల్లు 1891లో వెలసినది. విద్యుత్తు ఎరుగని ఆ దినములలో నూలుమిల్లులకు ఆవిరి యంత్రములే ఆధారము. చెన్నపురి రాజధానిలో 1932లో నీలగిరులయందు పైకారా, 1937లో మేట్టూరు, 1944లో తామ్రపర్ణీనదిపై పాపనాశము జలవిద్యుత్కేంద్రములు పనిచేయ నారంభించినవి. పాపనాశ కేంద్రము దక్షిణ జిల్లాలకు ముఖ్యాధారమైనది. కోయంబత్తూరున 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించిన జి. కుప్పుస్వామినాయుడుగారి సంస్థకు కోవిల్పట్టిలోను మిల్లు ఏర్పడినది. రాజపాళయమున పి. ఏ. సి. రామస్వామిరాజుగారు 1936లో నూలుమిల్లును నెలకొల్పిరి. ఈ విధముగ తెలుగువారు పండించిన ప్రత్తి తెలుగువారి మిల్లులలోనే నూలగుటకు మార్గమేర్పడినది.

విరుదునగరమున జన్మించిన కామరాజుగారు ముఖ్యమంత్రిగా నున్న 1954–1963 సంవత్సరముల నడుమ గ్రామములకు తీగలు విస్తారముగ వేయబడినవి. బావులకు మోటారు పంపులు వచ్చినవి. కాని తీగ ఎంత పొడవైన అంత నష్టము. ప్రవాహము రెండింతలైనచో తీగలో వేడిగా వృథాయగు శక్తి నాలుగింతలగును. దూరము పెరిగిన కొలది వోల్టేజి తగ్గును. తక్కువ వోల్టేజితో నడచు మోటారు అధిక ప్రవాహమును లాగికొని వేడెక్కి కాలిపోవును. ఉత్పత్తి కేంద్రములకు దూరముగ, తీగ చివరనున్న మెట్టరైతునకు ఇది నిత్యానుభవము.

విద్యుత్తు ధరయు రైతునకు ప్రాణసమస్య యైనది. 1970లో వ్యవసాయపు విద్యుత్తు ధర యూనిట్టునకు 8 పైసలనుండి 10 పైసలకు పెంచబడగా, కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువాడైన సి. నారాయణస్వామినాయుడుగారి నాయకత్వమున రైతులు ఉద్యమించిరి. 1972లో ఉద్యమము మరల చెలరేగినది. ఈ ఉద్యమములందు పోలీసు కాల్పులకు పలువురు రైతులు బలియైరి. నాయుడుగారు 1984 డిసెంబరులో కోవిల్పట్టిలోనే తుదిశ్వాస విడిచిరి. ఆ యేడే చిన్న రైతులకును, పిమ్మట రైతులందరికిని విద్యుత్తు ఉచితమైనది. కోవిల్పట్టి చెంత ఇడైసేవల్ గ్రామమున జన్మించిన తెలుగువాడు, తమిళ రచయిత కి. రాజనారాయణన్ వ్రాసిన కథ ఆధారముగ 1992లో ‘కరెంట్’ అను హిందీ చలనచిత్రము వెలువడినది. మోటారుపంపును నమ్ముకొన్న చిన్న రైతు ఇక్కట్లు అందలి వస్తువు.

ఇంతవరకు ఈ సీమ విద్యుత్తును పుచ్చుకొన్నదే. ఇచ్చుట గాలితో మొదలైనది. 1986లో తూత్తుకుడి చెంత ముల్లక్కాడున రాష్ట్రములోని తొలి గాలిమరల క్షేత్రము ఏర్పడినది. ఆ దశాబ్దాంతమునకు కయత్తారునను మరలు నిలిచినవి. 1799లో పాంచాలంకురిచ్చి పాలెగాడు, తెలుగు మాతృభాషగా గల వీరపాండ్య కట్టబొమ్మన ఉరికంబమెక్కిన కయత్తారు ఇదియే. గాలిమరలను పరీక్షించు కేంద్ర ప్రభుత్వ స్థానమును ఇచ్చటనే కలదు. తరుగుదల క్రింద లభించిన ఆదాయపు పన్ను రాయితీవలన 1990–2000 నడుమ మిల్లుల యజమానులు అనేకులు మరలు నిలిపిరి. గాలి వీచు నెలలలో తమ మరలు ఉత్పత్తి చేసిన యూనిట్లను విద్యుద్బోర్డు వద్ద జమకట్టి, గాలి లేని నెలలలో వాడుకొను పద్ధతి వారికి మిక్కిలి లాభించినది.

అయినను, ఇచ్చట ఒక పాఠము నేర్వవలసివచ్చినది. తొలినాటి మరలయందలి ఇండక్షన్ జనరేటర్లు, తమ అయస్కాంత క్షేత్రమునకు కావలసిన రియాక్టివ్ పవరును తీగనుండియే లాగికొనెడివి. అసలే బలహీనమైన గ్రామ తీగలపై దీనివలన వోల్టేజి ఇంకను పడిపోయెను. అందుచే మరల చెంత కెపాసిటర్లు అమర్పబడినవి. తరువాతి తరపు మరలు ఎలక్ట్రానిక్ సాధనములతో వోల్టేజిని నిలుపుటకు తామే తోడ్పడుచున్నవి. 2012లో రాష్ట్రమంతట దీర్ఘమైన విద్యుత్కోత లున్నప్పుడును, గాలికాలమున మోయుటకు తీగలు చాలక కొన్ని మరలను ఆపవలసివచ్చెను. పిమ్మట కయత్తారున 400 కిలోవోల్టుల ఉపకేంద్రము వెలసినది. ఉత్పత్తి యొక్కటే చాలదనియు, దానిని గ్రహింపగల తీగయు వలయుననియు దీనివలన స్పష్టమైనది.

తరువాత సూర్యుని వంతు వచ్చినది. పొరుగున రామనాథపురము జిల్లాలోని కముదియందు 2016లో 648 మెగావాట్ల సౌరకేంద్రము నెలకొన్నది. అట్టి మహాకేంద్రముల శక్తి పెద్ద తీగలనెక్కి దూరము పోవును. ప్రక్క గ్రామపు వోల్టేజి దానివలన బాగుపడదు. గ్రామపు తీగకు బలమునిచ్చునది చిన్న ఉత్పత్తియే. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన కుసుమ్ పథకమున, 500 కిలోవాట్లనుండి 2 మెగావాట్ల వరకు గల సౌరకేంద్రములను ఉపకేంద్రముల సమీపమున రైతులు తమ భూములందే నెలకొల్పుకొనవచ్చును. 2024లో ఆరంభమైన సూర్యఘర్ పథకమున ఇంటికప్పుపై 3 కిలోవాట్ల ఫలకములకు 78,000 రూపాయల వరకు సహాయము లభించును.

ఇట్టి చిన్న కేంద్రములవలన లాభము సులభముగ తెలియును. పగటివేళ పంపులు నడచు చోటనే పగటి శక్తి పుట్టినచో తీగలోని నష్టము తగ్గును. చివరనున్న మోటారునకు వోల్టేజి చక్కబడును. గాలి వానకాలపు నెలలలో హెచ్చు, ఎండ వేసవిలో హెచ్చు గనుక రెండును ఒకదానికొకటి తోడగును. రాత్రి కొఱతకు బ్యాటరీలు గాని, ఇతర కేంద్రముల శక్తి గాని తప్పదు. ఉచిత విద్యుత్తు ఉన్నచోట భూగర్భజలము ఇంకిపోవు భయమును తొలగలేదు. కాని తాను వాడక మిగిల్చిన యూనిట్టునకు రైతునకు ధర లభించినచో, పంపును అవసరము మేరకే నడపుటకు కారణమేర్పడును.

ఈ మార్పున తెలుగు కుటుంబముల స్థానమేమి యనునది ముఖ్యమైన ప్రశ్న. మిల్లుల యజమానులు గాలిని తమదిగా చేసికొనగలిగిరి. మెట్టరైతు మాత్రము పెక్కుచోట్ల గాలిమరకును సౌరఫలకమునకును భూమి నమ్మి తప్పుకొనెను. ఆ భూమినుండి పుట్టు శక్తిలో అతనికి భాగము లేదు. భూమి నమ్ముటకు మారుగ కౌలుకిచ్చుటయు, పలువురు రైతులు కూడి సహకార సంఘముగా చిన్న కేంద్రమును నెలకొల్పుటయు అతనికి గల మార్గములు. యూనిట్టునకు రెండు పైసలు పెరిగినందులకు 1970లో పోరాడిన రైతుల సంతతివారు, నేడు యూనిట్టును అమ్మువారుగ నిలువవచ్చును. తాత తండ్రులు వానకై ఎదురుచూచిన ఆకాశమునందలి ఎండయు గాలియు పంటగా మారిన ఈ కాలమున, ఆ పంటకు హక్కుదారు ఎవరన్నది భూమి అమ్మకపు పత్రముపై వ్రాలు చేయకముందే ఆలోచింపవలసిన విషయము.