దర్శన్ రంగనాథన్: ఎక్కడా రాయని నిబంధన



మనం తినే పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు శరీరంలో విచ్ఛిన్నమైనప్పుడు అమ్మోనియా తయారవుతుంది. అది విషం. మన కాలేయం ఆ విషాన్ని ఎప్పటికప్పుడు యూరియాగా మారుస్తుంది. ఆ యూరియా మూత్రంలో బయటకు పోతుంది. వరుసగా జరిగే ఈ రసాయన చర్యలను 'యూరియా చక్రం' అంటారు. హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ అనే శాస్త్రవేత్తలు 1932లో దీనిని కనుగొన్నారు.

మరి ఈ చక్రాన్ని జీవకణం బయట, ప్రయోగశాలలో నడిపించగలమా? ఆ ప్రశ్న వేసుకుని, అలాంటి నమూనాను తయారుచేసి చూపిన భారతీయ రసాయన శాస్త్రవేత్త దర్శన్ రంగనాథన్. ఆమె జీవితంలో చివరి మూడేళ్లు గడిచింది మన హైదరాబాదులోనే. అయితే అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఆమె అధ్యాపక పదవి లేకుండానే పరిశోధన చేశారు. ఎందువల్లో చూద్దాం.

దర్శన్ 1941 జూన్ 4న ఢిల్లీలో జన్మించారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య టి.ఆర్. శేషాద్రి పర్యవేక్షణలో పరిశోధించి, 1967లో పిహెచ్.డి. పొందారు. శేషాద్రిగారు తెలుగువారికి పరాయివారు కారు. ఢిల్లీ వెళ్లకముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దినది ఆయనే. దర్శన్ మిరాండా హౌస్ కళాశాలలో పాఠాలు చెప్పి, రసాయన శాస్త్ర విభాగాధిపతి అయ్యారు. ఆ తరువాత ఉపకార వేతనం మీద లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్లి, 1969లో నోబెల్ బహుమతి అందుకున్న డెరిక్ బార్టన్ వద్ద పనిచేశారు.

1970లో ఆమెకు సుబ్రమణ్య రంగనాథన్‌తో వివాహం జరిగింది. ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో రసాయన శాస్త్ర అధ్యాపకులు. భర్త పనిచేసే చోట భార్యకు అధ్యాపక పదవి ఇవ్వరాదన్నది అక్కడ అమలైన నియమం. అది ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ప్రశ్నించవచ్చు, మార్చమని అర్జీ పెట్టవచ్చు. రాయని నిబంధన విషయంలో ఆ వీలు కూడా ఉండదు!

దర్శన్ ఫెలోషిప్‌ల మీద ఆధారపడి పరిశోధన సాగించారు. ఫెలోషిప్ అంటే గడువు ఉన్న భృతి. గడువు తీరితే మళ్లీ వెతుక్కోవాలి. అయినా ఆమె భర్తతో కలిసి కర్బన రసాయన చర్యలపై పుస్తకాలు రాశారు. చిన్న చిన్న పెప్టైడ్ అణువులు తమంతట తామే ఏ ఆకారాల్లో అమరుతాయో పరిశీలించారు. మన జుట్టులో, గోళ్లలో ఉండే సిస్టిన్ అనే అమైనో ఆమ్లంతో ఆమె వలయాకారపు అణువులను నిర్మించారు. గాజులను ఒకదానిపై ఒకటి పేర్చినట్లుగా ఆ వలయాలు హైడ్రోజన్ బంధాలతో పేరుకుని, అతి సన్నని గొట్టాలుగా మారాయి.

కంటికి కనపడని ఈ అమరికను తెలుసుకోవాలంటే స్ఫటికాలపై ఎక్స్ కిరణాలను ప్రసరింపజేయాలి. ఆ పనిలో ఆమెకు తోడ్పడినవారు అమెరికా నౌకాదళ పరిశోధనాలయ శాస్త్రవేత్త ఇసబెల్లా కార్ల్. ఈమె 1921లో డెట్రాయిట్‌లో, పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. తండ్రి ఇళ్లకు రంగులు వేసేవారు, తల్లి బట్టలు కుట్టేవారు. బడిలో చేరేవరకు ఇసబెల్లాకు ఇంగ్లీషు రాదు. అండమాన్‌లోని డిగ్నాబాద్‌లో ఈ పాఠం చదివే తెలుగు పిల్లలకు ఇది అర్థమవుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు మీకు అలవాటే కదా!

ఇసబెల్లా, ఆమె భర్త జెరోమ్ 1946లో ఒకే పరిశోధనాలయంలో ఉద్యోగాల్లో చేరారు. 2009లో విరమించేవరకు ఇద్దరూ అక్కడే పనిచేశారు. జెరోమ్‌కు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. భార్యాభర్తలు ఒకే సంస్థలో ఉంటే పని చెడుతుందనే వాదనకు ఇంతకంటే ఏం జవాబు కావాలి?

1993లో దర్శన్ తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనాలయానికి, 1998లో హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి.కి వచ్చి, అక్కడ డిప్యూటీ డైరెక్టర్ అయ్యారు. ఆమెకు 1997లోనే రొమ్ము క్యాన్సర్ బయటపడింది. చికిత్స ఒకవైపు, ప్రయోగాలు మరొకవైపు సాగాయి. 1999లో థర్డ్ వరల్డ్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి రసాయన శాస్త్ర పురస్కారం లభించింది. 2001 జూన్ 4న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున ఆమె కన్నుమూశారు.

ఆమె పేరిట భారత జాతీయ సైన్సు అకాడమీ మహిళా శాస్త్రవేత్తలకు స్మారక ఉపన్యాస గౌరవాన్ని అందించింది. దర్శన్ ఆగలేదు కనుక ఆమె గురించి చదువుకుంటున్నాం. ఆ నిబంధన దగ్గరే ఆగిపోయినవారు ఎందరో, వారి పేర్లు మనకు తెలియవు. మీ ఇంట్లో, మీ కళాశాలలో ఆడపిల్లల చదువుకు అడ్డుపడే రాయని నియమాలు ఏవైనా ఉన్నాయా? ఒకసారి కాగితం తీసుకుని రాసి చూడండి. రాసిన తరువాత వాటిని ప్రశ్నించడం సులువవుతుంది.