హాస్యసంజీవని

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలొక సామెత చెప్పినారు. ఆ నాలుగు విధములేవో మాత్రము వారు విప్పి చెప్పలేదు. బడిలో నవ్విన పిల్లవానిని, వాకిట నవ్విన కోడలిని మందలించుటకు ఆ సామెత తరతరములుగా ఉపయోగపడినది. అయినను మన వాఙ్మయ చరిత్రను తిరుగవేసి చూచినచో, ఆంధ్రదేశమునకు నవ్వు చేసిన చేటుకంటె మేలే అధికమని మాకు తోచుచున్నది. ఆ మేలెట్టిదో ఈ ప్రసంగమున విచారింతము.

నవ్వును శాస్త్రదృష్టితో పరిశీలించిన వారిలో ప్రథమగణ్యుడు భరతముని. ఆయన నాట్యశాస్త్రమున నవ్వును ఆరు తెరగులుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తముల నవ్వులు. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. స్మితమున పలువరుస కానరాదు. అతిహసితమున కన్నులు చెమర్చును, చేతులు ప్రక్కలను పట్టుకొనును. అంతేకాదు, తాను నవ్వుట ఆత్మస్థమనియు, పరులను నవ్వించుట పరస్థమనియు ఆయన మరియొక భేదమును చెప్పెను. నవ్వు ఒకరినుండి మరియొకరికి ప్రాకెడు గుణము కలదని పూర్వులు గుర్తించిరనుటకు ఇది చాలును.

ఈ గుణమును సంఘసంస్కరణకు సాధనముగా గ్రహించిన వారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. వారు 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించిరి. దానికి తోడుగా వెలువరించిన హాస్యపత్రికకు 'హాస్యసంజీవని' అని పేరు పెట్టిరి. లక్ష్మణుని మూర్ఛ తేర్చిన ఓషధి పేరది. సంఘము మూర్ఛలో నున్నదనియు, దానికి హాస్యము మందనియు పంతులుగారి భావము కాబోలు. ముదుసలి పడుచుపిల్లను పెండ్లాడుటను వెక్కిరించు 'బ్రాహ్మవివాహము', న్యాయస్థానముల అక్రమములను ఎండగట్టు 'వ్యవహారధర్మబోధిని' మొదలగు ప్రహసనములు వారి కలమునుండియే వెలువడినవి. వీనిలో మొదటిది 'పెద్దయ్యగారి పెళ్ళి' యనియు, రెండవది 'ప్లీడరు నాటకము' అనియు జనుల నోళ్ళలో నానినవి.

ఈ మందు పాకమునకు వచ్చినది విజయనగరమున. ఆనాటి కన్యాశుల్క దురాచారమెంత ఘోరమైనదో తెలుపు లెక్క యొకటి కలదు. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహముల పట్టిక తయారు చేయించెను. అందు చేరినవి 1,034. ఆ వధువులలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికి పలికిన వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. ఈ అంకెలను గురజాడ అప్పారావుగారు తమ 'కన్యాశుల్కము' నాటక పీఠికలో పొందుపరచినారు.

ఈ లెక్క చదివినవానికి నవ్వు రాదు, కడుపు తరుగుకొని పోవును. అట్టి విషయమును తీసికొని అప్పారావుగారు నవ్వుల నాటకము వ్రాసిరి. అది 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మిక్కిలి మార్పులతో పునర్ముద్రితమైనది. దుఃఖమును చూపి ఏడ్పించుట సులభము. కాని ఏడ్చిన ప్రేక్షకుడు కన్నులు తుడుచుకొని ఇంటికి పోయి, మరునాడు తన కూతురికి బేరమాడవచ్చును. నవ్వబడుదునన్న భయము కలిగినవాడు అట్లు చేయుటకు జంకును. నలుగురిలో నవ్వులపాలగుటకంటె మనకు వేరొక శిక్ష లేదు గదా!

ఇందు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. ఆ నాటకమున మనము ధనాశాపరుడైన లుబ్ధావధానులను చూచి నవ్వుదుము. కూతురిని అమ్మజూపిన అగ్నిహోత్రావధానులను చూచి నవ్వుదుము. సంస్కరణ కబుర్లు చెప్పెడు గిరీశమును చూచి నవ్వుదుము. బాలవితంతువైన బుచ్చమ్మను చూచి నవ్వము. అమ్ముడుపోవలసిన సుబ్బిని చూచి అసలే నవ్వము. బలవంతుని దోషముపై ప్రయోగించిన నవ్వు మందు. దుర్బలుని దైన్యముపై ప్రయోగించిన నవ్వు విషము. సామెతలోని చేటు ఈ రెండవదానికే చెల్లునని మా అభిప్రాయము.

నవ్వొక్కటియే దురాచారమును రూపుమాపినదని మేము చెప్పము. బాలికల విద్య, సంస్కర్తల శ్రమ, 1929 నాటి శారదా చట్టము తమ తమ పాలు నెరవేర్చినవి. కాని ఆ చట్టమునకు మూడు దశాబ్దములకు పైగా ముందే రంగస్థలముమీది నవ్వు ఆ పెండ్లిబేరమును సిగ్గుపడదగిన కార్యముగా చూపినది. చట్టము నాటుకొనుటకు ముందుగా నేల దున్నవలె గదా!

ఇక దేహారోగ్యమునకు వత్తము. అమెరికా పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ 1964లో వెన్నెముక కీళ్ళను పట్టివేయు జబ్బుతో మంచమెక్కి, హాస్య చలనచిత్రములు వేయించుకొని చూచెను. పది నిమిషములు కడుపార నవ్వినచో రెండు గంటలు నొప్పిలేని నిద్ర పట్టెడిదని 1976లో ఒక వైద్యపత్రికలో వ్రాసెను. అది ఒక్కని అనుభవమే. వైద్యమునకు బదులు నవ్వని దాని అర్థము కాదు. అయితే 2011లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు రాబిన్ డన్బార్ బృందము చేసిన ప్రయోగములలో, మనసార నవ్విన పిదప మనుష్యులు నొప్పిని మునుపటికంటె ఎక్కువగా ఓర్చుకొనగలిగిరి. ఒంటరిగా ఉన్నప్పటికంటె తోడున్నప్పుడు మనుష్యుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వునని రాబర్ట్ ప్రొవైన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. భరతుని పరస్థమునకు ఇది నేటి సాక్ష్యము.

కావున నవ్వు కావలెనన్న ముందుగా తోడు కావలెను. చిలకమర్తివారి 'గణపతి' రేడియో నాటకముగా వినబడినప్పుడు తాతయు మనుమడును ఒక్కచోటనే చేరి పకపకలాడిన ఇండ్లు మన నాట ఎన్నో కలవు. శ్రోతలారా, మీ ఇంట రేడియో పలుకునప్పుడు దానిని ఒక్కరే వినక, వంటింటిలోనివారిని, వసారాలోని ముసలివారిని కూడ పిలువుడు. పిల్లలు నవ్విరేని ఎవరిని చూచి నవ్విరో ఒక్కసారి విచారింపుడు. దోషమును చూచి నవ్విరేని నవ్వనిండు. దీనుని చూచి నవ్విరేని, అప్పుడు ఆ పాత సామెతను వారికి వినిపింపుడు.