దర్శనాలూ, అనువాదకుని అమానతూ

హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే రహదారిపై, శంషాబాదుకు ముందు గగన్‌పహాడ్ వస్తుంది. ఆ పేరులో సంస్కృతపు ‘గగనం’, ఉర్దూ వాడుకలోని ‘పహాడ్’ కలిసి ఉన్నాయి. అక్కడికి అనతిదూరంలో, శంషాబాదు మండలంలోనే ఉన్న ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న 216 అడుగుల రామానుజుల విగ్రహం ఆవిష్కృతమయింది. సంప్రదాయం ప్రకారం రామానుజులు జన్మించినది క్రీ.శ. 1017లో. సరిగ్గా ఆ సంవత్సరమే సుల్తాన్ మహమూద్ ఖ్వారజ్మ్‌ను జయించాడు. అక్కడి విద్వాంసుడు అబూ రైహాన్ అల్-బీరూనీ గజనీకి చేరాడు.

బీరూనీ సంస్కృతం అభ్యసించాడు. పతంజలి యోగశాస్త్రాన్నీ, ఒక సాంఖ్య గ్రంథాన్నీ అరబీలోకి తెచ్చాడు. సుమారు 1030లో ‘కితాబుల్ హింద్’ ముగించాడు. అది ఖండన గ్రంథం కాదనీ, హిందువులు చెప్పేదాన్ని ఉన్నదున్నట్లు చెప్పడమే తన పని అనీ పీఠికలోనే ప్రకటించాడు. సొంతానికి వ్యతిరేకమైనా సత్యమే పలకాలన్న నిసా సూరా ఆదేశాన్ని అక్కడ గుర్తు చేశాడు. హిందూ పండితుల అహంభావాన్ని విమర్శించాడు. మహమూద్ దండయాత్రల వల్ల కలిగిన వినాశాన్నీ దాచలేదు.

ఆ నిక్కచ్చితనం ఎందుకు అవసరమో దర్శనాలను చూస్తే తెలుస్తుంది. న్యాయం, వైశేషికం, సాంఖ్యం, యోగం, పూర్వమీమాంస, వేదాంతం అనే ఆరూ వేదాన్ని ప్రమాణంగా అంగీకరిస్తాయి. కాని వాటి మాట ఒక్కటి కాదు. వేదం ‘వారి ఖుర్ఆన్’ అని మనలో కొందరు సులువుగా అంటారు. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం: దానికి కర్త లేడు, ఈశ్వరుడు సైతం కర్త కాడు. కనుక అది వహీ కాదు. నైయాయికులు మాత్రం దానిని ఈశ్వర వాక్కు అంటారు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యంలో సృష్టికర్తకు చోటే లేదు. అద్వైతాన్ని తౌహీద్ అనడమూ పొరపాటే. తౌహీద్‌లో సృష్టికర్త వేరు, సృష్టి వేరు. శంకరుల అద్వైతంలో బ్రహ్మము తప్ప పరమార్థంగా రెండవ వస్తువే లేదు. రామానుజులు దీనిని ఖండిస్తూ, జీవులూ జగత్తూ సత్యమేననీ, అవి ఈశ్వరునికి శరీరమనీ శ్రీభాష్యంలో వాదించారు. ఇదీ తౌహీద్ కాదు.

ఆరు శతాబ్దాల తర్వాత షహజాదా దారా షికోహ్ ఇందుకు భిన్నమైన దారి పట్టాడు. 1657లో కాశీ పండితుల సాయంతో సుమారు 50 ఉపనిషత్తులను ‘సిర్రె అక్బర్’ పేరిట పారసీలోకి తెచ్చాడు. వాఖిఅహ్ సూరాలోని ‘కితాబె మక్నూన్’ ఇవేనని తలచాడు. అంతకు రెండేళ్ల క్రితం రాసిన ‘మజ్మవుల్ బహ్రైన్’లో బ్రహ్మను జిబ్రయీల్‌తోనూ, విష్ణువును మీకాయీల్‌తోనూ పోల్చాడు. ఆయన శ్రమ వృథా పోలేదు: ఆ పారసీ నుండే ఆంకెతీల్ దుపెరోఁ చేసిన లాటిన్ అనువాదం 1801-02లో వెలువడి, ఉపనిషత్తులను ఐరోపాకు చేర్చింది. అయితే ఐక్యం చూపాలన్న ఆత్రంలో రెండు మతాల మాటలూ తమ తమ అర్థాలను కోల్పోయాయి.

పొరుగువారి శాస్త్రాన్ని ద్వేషంతో వక్రీకరించడం ఖియానత్. ప్రేమతో మన శాస్త్రంగా మార్చివేయడం కూడా ఖియానతే. తన విశ్వాసాన్ని విడువకుండా, ఎదుటివారి మాటను వారు ఒప్పుకొనే రీతిలో చెప్పడమే అమానతు. బీరూనీ దానిని నెరవేర్చ యత్నించాడు. ముచ్చింతల్ విగ్రహాన్ని రోజూ దూరం నుండి చూసే ముస్లిం సోదరులు, రామానుజులు ఏమి చెప్పారో ఒక్కసారి వారి మాటల్లోనే తెలుసుకొంటే, ఆ అమానతులో తమ వంతు చెల్లించినవారవుతారు.