సూక్ష్మదర్శిని ముందున్న వారికి పునశ్చరణ ఏదీ?

పరీక్షల జాబితా పెరుగుతోంది.. శిక్షణ మాత్రం ఉద్యోగంలో చేరిన నాటిదే
ల్యాబ్ టెక్నీషియన్ల నిరంతర విద్యపై ప్రత్యేక కథనం

జ్వరం మలేరియాదా, డెంగీదా? దగ్గు క్షయ వల్లనా, కాదా? మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయా? ఈ ప్రశ్నలకు వైద్యుడు జవాబు చెప్పే ముందు ప్రయోగశాల నుంచి వచ్చిన కాగితాన్ని చూస్తారు. ఆ కాగితంపై అంకెను రాబట్టిన వ్యక్తి రోగికి కనిపించరు. డీఎంఎల్‌టీయో, బీఎస్సీ ఎంఎల్‌టీయో, ఇంటర్మీడియట్ వృత్తివిద్యా కోర్సో పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన ల్యాబ్ టెక్నీషియన్ ఆ పని చేస్తారు. చదువుకున్న నాటి యంత్రాలు, రసాయనాలు, పద్ధతులు పదిహేనేళ్లు తిరిగేసరికి దాదాపు అన్నీ మారిపోతాయి. మారిన వాటిని ఎవరు నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి అన్నదానికి మాత్రం చాలాకాలం స్పష్టమైన ఏర్పాటు లేదు.

పని భారం ఏ మేరకు పెరిగిందో ఒక్క లెక్క చాలు. ఉచిత రోగ నిర్ధారణ సేవలను కేంద్రం 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద ప్రారంభించింది. తర్వాత విస్తరించిన జాబితా ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 97, జిల్లా ఆసుపత్రిలో 134 రకాల పరీక్షలు అందుబాటులో ఉండాలి. కొన్నింటిని అక్కడే చేస్తారు, కొన్నింటికి నమూనా సేకరించి పెద్ద కేంద్రానికి పంపుతారు. తెలంగాణలో 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం ప్రాంగణంలో ఏర్పాటైన కేంద్ర ప్రయోగశాల ఈ రెండో పద్ధతికి ఉదాహరణ. నమూనా ఎక్కడికి వెళ్లినా, దాన్ని మొదట తీసేది ఊళ్లోని సిబ్బందే.

యంత్రం కంటే ముందే తప్పు

ప్రయోగశాల తప్పు అనగానే యంత్రం చెడిపోయిందని అనుకోవడం సహజం. వాస్తవం వేరు. ఇటలీలోని పాడువా నగర ఆసుపత్రి ప్రయోగశాలపై 1997లో ప్రచురితమైన అధ్యయనంలో 40,490 పరీక్షలను పరిశీలించగా 189 పొరపాట్లు బయటపడ్డాయి. వాటిలో 68 శాతం నమూనా యంత్రంలోకి వెళ్లక ముందు జరిగినవే. అసలు పరీక్ష దశలో జరిగినవి 13 శాతం. మిగిలినవి ఫలితం రాయడంలో, చేరవేయడంలో దొర్లినవి.

టెక్నీషియన్లకు ఇవి కొత్త సంగతులు కావు. కానీ కారణం తెలియకుండా అలవాటుగా చేసే పనిలోనే ప్రమాదం ఉంది. ఉదాహరణకు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది. అది పొటాషియం లవణం. హిమోగ్లోబిన్ పరీక్షకు తీసిన ఆ రక్తంలో కొంత మిగిలిందని సీరం గొట్టంలోకి ఒంపితే, రోగికి లేని పొటాషియం నివేదికలో కనిపిస్తుంది. అదే సమయంలో కాల్షియం పడిపోయినట్లు వస్తుంది. పొటాషియం ప్రమాదకర స్థాయిలో ఉందని నమ్మి వైద్యుడు చికిత్స మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్న గుండెకే ముప్పు. ఏ గొట్టం ముందు, ఏ గొట్టం తర్వాత అన్న వరుస అందుకే ఏర్పడింది. ఒంపకూడదన్న నియమం గోడమీద రాసి ఉన్నా, ఎందుకు ఒంపకూడదో తెలిసిన వారే రద్దీ వేళ కూడా దాన్ని పాటిస్తారు.

చక్కెర పరీక్షదీ ఇదే కథ. గడ్డకట్టించి సీరం వేరుచేయకుండా ఉంచిన రక్తంలో కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు 5 నుంచి 7 శాతం వరకు విలువ తగ్గుతుంది. మండుటెండలో ద్విచక్ర వాహనంపై మూడు గంటలు ప్రయాణించిన నమూనా మధుమేహిని ఆరోగ్యవంతుడిగా చూపగలదు. బూడిదరంగు మూత గొట్టంలోని ఫ్లోరైడు ఈ తరుగుదలను ఆపుతుంది. అయితే మొదటి గంట రెండు గంటల్లో పూర్తిగా ఆపలేదు. ఈ రెండో ముక్క పాత పాఠ్యపుస్తకాల్లో కనిపించడం అరుదు.

ఇక డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ల లెక్క. కొందరి రక్తంలో ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. యంత్రం ఆ గుంపును ఒక కణంగా లెక్కించడమో, అసలు వదిలేయడమో చేస్తుంది. లక్షన్నర ఉన్న మనిషికి నలభై వేలే ఉన్నట్లు కాగితం వస్తుంది. కుటుంబం కంగారుపడి ప్లేట్‌లెట్లు ఎక్కించమని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది. గాజు పలకపై రక్తపు పూత తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుంపులు కనిపిస్తాయి. నూనె కటకం కింద ఒక్కో క్షేత్రంలో సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు ఉన్నాయో లెక్కించి 15 వేల నుంచి 20 వేలతో గుణిస్తే ఉజ్జాయింపు సంఖ్య వస్తుంది. యంత్రం అంకెతో అది పొంతన కుదరకపోతే సిట్రేటు గొట్టంలో మళ్లీ రక్తం తీస్తారు. యంత్రాలు వచ్చాక పూత చూసే అలవాటు తగ్గిందన్నది ఈ వృత్తిలోని పెద్దల బాధ. పునశ్చరణ తరగతుల్లో మొదట తిరిగి నేర్పవలసింది ఇదే.

గ్రాఫు కాగితం చెప్పే నిజం

ప్రయోగశాల తన పనిని తానే తనిఖీ చేసుకునేందుకు విలువ ముందే తెలిసిన నమూనాను రోజూ పరీక్షించి గ్రాఫుపై చుక్క పెడుతుంది. అమెరికాలో లీవీ, జెన్నింగ్స్ 1950లో ఈ పద్ధతిని ప్రయోగశాలలకు పరిచయం చేశారు. ఏ చుక్కను నమ్మాలి, ఏది హెచ్చరిక అన్న నియమాలను వెస్ట్‌గార్డ్ 1981లో కూర్చారు. చక్కెర నమూనా సగటు 100, అనుమతించిన హద్దులు 94 నుంచి 106 అనుకుందాం. ఒకరోజు 107 వస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. అన్నీ సక్రమంగా ఉన్నా వంద రోజుల్లో నాలుగైదుసార్లు అలా జరగడం సహజం. వరుసగా పది రోజులు 102, 103, 102 వస్తే ఏ చుక్కా హద్దు దాటలేదు. అయినా యంత్రం పక్కకు జరిగిందనే అర్థం. హద్దుల్లో ఉందని సంతకం పెట్టేవారికీ, పది చుక్కలూ ఒకే వైపు ఉన్నాయని గమనించేవారికీ మధ్య తేడాయే నిరంతర విద్య.

ఇది ఇంటి లెక్క. బయటి లెక్క మరొకటుంది. జీవ రసాయన పరీక్షలకు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, రక్త పరీక్షలకు ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించే పథకాల్లో చేరిన ప్రయోగశాలలకు విలువ తెలియని నమూనాలు వస్తాయి. వాటిని రోగి నమూనాలాగే పరీక్షించి ఫలితం పంపాలి. అదే పద్ధతి వాడే ఇతర ప్రయోగశాలల సగటుకు ఎంత దగ్గరగా ఉన్నదీ నివేదికగా తిరిగివస్తుంది. వేలూరు నుంచి పొడిరూపంలో వచ్చే నమూనాలో నీరు కొలిచి కలపడంలో తేడా వస్తే ఫలితాలన్నీ ఒకే దిశలో తప్పుతాయి. ఆ నివేదికను చదవడం తెలిసినవారు పొరపాటును నిమిషంలో పట్టుకుంటారు. బయటి నమూనాను అనుభవజ్ఞుల చేత నాలుగుసార్లు చేయించి మంచి అంకెను పంపితే మార్కులు వస్తాయి తప్ప రోగికి ఒరిగేది లేదు. పరీక్ష చేసిన వ్యక్తికి చూపకుండా నివేదికను ఫైలులో పెట్టినా అంతే.

క్షయ విభాగం చూపిన దారి

ఈ తనిఖీని శిక్షణగా మార్చిన అనుభవం మన జిల్లాల్లో ఇప్పటికే ఉంది. 2020లో జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంగా పేరు మారిన పథకంలో కళ్లె పరీక్ష చేసిన స్లైడుల నుంచి కొన్నింటిని ఏరి, మొదటి ఫలితం తెలియని మరో వ్యక్తి చేత చదివిస్తారు. సీనియర్ టీబీ ల్యాబ్ పర్యవేక్షకులు కేంద్రాలకు వెళ్లి రంగు వేసే తీరు, పూత మందం, స్లైడులు భద్రపరిచే పెట్టె వరకు చూస్తారు. వంద క్షేత్రాల్లో తొమ్మిది లోపు క్రిములు కనిపిస్తే సంఖ్య రాయాలి, 10 నుంచి 99 అయితే ఒక ప్లస్ అన్న కొలమానం కింది స్థాయి వరకు ఒకేలా పాతుకుపోయింది ఇందువల్లే. ట్రూనాట్ వంటి పరమాణు పరీక్షలు వచ్చి సూక్ష్మదర్శిని పాత్ర తగ్గుతున్నా, తప్పు దొరికినచోట దండించడం కాక పక్కన కూర్చుని చూపించడం అన్న ఆ పద్ధతికి విలువ తగ్గలేదు. క్షయకు ఉన్న ఈ ఏర్పాటు క్రియాటినిన్‌కు, ప్లేట్‌లెట్లకు ఎందుకు ఉండకూడదన్నది అడగవలసిన ప్రశ్న.

అవసరం ముంచుకొస్తే శిక్షణ ఎంత వేగంగా సాగగలదో 2020 నిరూపించింది. ఆ ఏడాది ఆరంభంలో కరోనా పరీక్షకు దేశంలో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థే దిక్కు. ఆ ఏడాది చివరికే ప్రయోగశాలల సంఖ్య రెండు వేలు దాటింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరీక్షలు చేయడంతోపాటు ఇతర సిబ్బందికి శిక్షణ కూడా ఇచ్చింది. అంతకు ముందు ఆర్‌టీపీసీఆర్ యంత్రాన్ని చూడని వారెందరో వారాల్లో దాన్ని నడిపారు.

సదస్సులు ఎవరి కోసం?

వృత్తి సంఘాల సమావేశాలకు కొదవ లేదు. పాథాలజిస్టుల ఏపీకాన్, మైక్రోబయాలజిస్టుల మైక్రోకాన్, జీవ రసాయన శాస్త్రజ్ఞుల ఏసీబీఐకాన్, ఏఎంబీఐకాన్ వంటి జాతీయ సదస్సులు వేర్వేరు నగరాల్లో జరుగుతుంటాయి. పరిశోధన పత్రాలు, పోస్టర్లు, సదస్సుకు ముందురోజు చేతిపని కార్యశాలలు ఉంటాయి. కార్యశాలలే అన్నిటికన్నా ఉపయోగకరం. అయితే ఇవి ప్రధానంగా ఎండీ వైద్యులు, పీహెచ్‌డీ పట్టభద్రులు, పీజీ విద్యార్థుల వేదికలు. రుసుము, ప్రయాణ ఖర్చు, ఆంగ్ల ప్రసంగాలు కలిపి మండల స్థాయి టెక్నీషియన్‌ను గడప బయటే నిలుపుతాయి. అన్నిటికీ మించి సెలవు సమస్య. ఒక్కరే టెక్నీషియన్ ఉన్న ఆరోగ్య కేంద్రంలో ఆ ఒక్కరు సదస్సుకు వెళితే ఆ రోజు పరీక్షలు ఆగుతాయి. యంత్రం అమ్మిన సంస్థ ప్రతినిధి వచ్చి ఇచ్చే శిక్షణే చాలామందికి మిగిలిన దారి. అది అవసరమే కానీ, ఆ యంత్రం వరకే పరిమితం.

విదేశాల్లో ఈ బాధ్యతను గుర్తింపుతో ముడిపెట్టారు. అమెరికాలో ఏఎస్‌సీపీ ధ్రువపత్రం నిలుపుకోవాలంటే ల్యాబ్ శాస్త్రజ్ఞులు మూడేళ్లకు 36 పాయింట్ల శిక్షణ చూపాలి. బ్రిటన్‌లో రెండేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ వేళ 2.5 శాతం మందిని యాదృచ్ఛికంగా ఎంపికచేసి శిక్షణ వివరాలు అడుగుతారు. ఇక్కడ చదివి అక్కడ స్థిరపడిన తెలుగు టెక్నీషియన్లకు ఇది ఉద్యోగంలో భాగం. మన దేశంలో వైద్యులకు ఐదేళ్లకు 30 గంటల శిక్షణను 2002 నాటి నిబంధనలు నిర్దేశించాయి. టెక్నీషియన్లకు అలాంటి గంటల లెక్క దేశమంతటా లేకుండానే దశాబ్దాలు గడిచాయి. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తొలిసారిగా మెడికల్ ల్యాబొరేటరీ వృత్తిని తన షెడ్యూలులో మొదటి విభాగంగా చేర్చింది. డిప్లొమాకు కనీసం 2,000 గంటలు, వృత్తి నిపుణుల డిగ్రీకి 3,600 గంటల చదువు ఉండాలంది. ఇది ప్రవేశ ద్వారం కొలత. ప్రయోగశాలలకు వర్తించే ఐఎస్‌ఓ 15189 ప్రమాణం మాత్రం ఉద్యోగంలో ఉన్నవారి నిరంతర విద్యను స్పష్టంగా కోరుతుంది. దాని ఆధారంగా ఎన్‌ఏబీఎల్ గుర్తింపు తీసుకున్న ప్రయోగశాలలు సిబ్బంది శిక్షణ రికార్డులు చూపవలసిందే.

జిల్లా స్థాయిలో సాధ్యమే

దీనికి పెద్ద భవనాలు అక్కర్లేదు. బోధనాసుపత్రి ఉన్న ప్రతి పట్టణంలో పాథాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ విభాగాలు ఉన్నాయి. నెలకో పూట చొప్పున, మండలాలను రెండు జట్లుగా విడదీసి పిలిస్తే పరీక్షలు ఆగవు. ఆ నెల తిరస్కరించిన నమూనాలు, అనుమానం వచ్చిన స్లైడులు, బయటి తనిఖీ నివేదికలు బల్లపై పెట్టి తెలుగులోనే చర్చించవచ్చు. ప్రయాణ భత్యం, ఆన్‌డ్యూటీ ఉత్తర్వు జారీచేయడం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ చేతిలోని పని.

ప్రైవేటు ప్రయోగశాలలకు వెళ్లే వారు కూడా అడగదగినవి కొన్ని ఉన్నాయి. బయటి నాణ్యత తనిఖీ పథకంలో చేరారా? ప్లేట్‌లెట్లు తక్కువ వస్తే రక్తపు పూత చూసి నిర్ధారిస్తారా? చక్కెర నమూనాను ఎంతసేపటిలో పరీక్షిస్తారు? వీటికి తడుముకోకుండా జవాబు వచ్చేచోట రక్తం ఇవ్వడం మేలు. అనుమానం కలిగించే ఫలితం వస్తే మందు మొదలుపెట్టే ముందు తాజా నమూనాతో పరీక్ష మరోసారి చేయించమని వైద్యుడిని కోరే హక్కు రోగికి ఉంది.